ఫోను పక్కగదిలో.. కబురు తెరమీద!

రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారంలో ఓ విశ్రాంత సైనికోద్యోగి ఉన్నారనుకుందాం. డెబ్బై దాటాయి. చూపు మందగించింది. పింఛను జమయిందని బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్ చదవాలంటే ముందు కళ్లజోడు వెతుక్కోవాలి. జవాబు రాద్దామంటే ఒక అక్షరం నొక్కబోతే పక్క అక్షరం పడుతుంది. అదే ఇంట్లో కంప్యూటర్ ఉంది. పెద్ద తెర, పెద్ద అక్షరాలు, వేళ్లకు అందే కీబోర్డు. 'తాతయ్యా, నీ ఫోన్ని ఇందులోకి తెచ్చేస్తా' అంటుంది మనవరాలు. నిమిషాల్లో పనైపోతుంది కూడా. అయితే ఫోనుతోపాటు కంప్యూటర్లోకి ఇంకేమేం వచ్చాయన్నదే ఇద్దరూ తెలుసుకోవాల్సిన సంగతి.

పుట్టిందే కంప్యూటర్లో..

కంప్యూటర్ నుంచి సందేశం పంపడం కొత్త ముచ్చటేమీ కాదు. అసలు మొట్టమొదటి ఎస్సెమ్మెస్ వెళ్లిందే కంప్యూటర్ నుంచి. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు కంప్యూటర్ ముందు కూర్చుని, వొడాఫోన్ సంస్థలో పనిచేసే రిచర్డ్ జార్విస్ ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. తిరిగి జవాబు రాద్దామంటే ఆ ఫోన్లో వీల్లేదు!

మన హైదరాబాద్‌లోనూ ఆ సరదా బాగానే తీరింది. రాజు వనపాల 2006లో ఇక్కడ మొదలుపెట్టిన వే2ఎస్ఎంఎస్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి కుర్రకారు దేశంలో ఏ సెల్‌కైనా పైసా ఖర్చు లేకుండా కబురు పంపేవారు. సందేశం చివర తోకలా ఓ ప్రకటన ఉండేది, అంతే. తర్వాతి కాలంలో ఆ సంస్థ వార్తల వైపు మళ్లింది.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే. అప్పట్లో కంప్యూటర్ నుంచి సందేశం బయటికి వెళ్లేది. ఫోన్లోకి వచ్చినవి మాత్రం ఫోన్లోనే ఉండేవి. ఇప్పుడు ఆ పెట్టె మొత్తం తెరమీద తెరుచుకుంటోంది.

ఎవరికి ఏది?

ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ కంప్యూటర్ ఉన్నవారికి మైక్రోసాఫ్ట్ వారి 'ఫోన్ లింక్' ఉంది. 2018లో 'యువర్ ఫోన్' పేరుతో వచ్చి, 2022లో ఈ పేరు పెట్టుకుంది. ఫోన్లో 'లింక్ టు విండోస్' ఆప్‌ని తెరిచి, కంప్యూటర్ చూపే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేయాలి. ఇక సందేశాలు, నోటిఫికేషన్లు తెరమీదే. కాల్స్ కూడా మాట్లాడాలంటే రెండింట్లోనూ బ్లూటూత్ ఉండాలి. కంప్యూటర్ స్పీకర్, మైకులే ఫోను రిసీవర్ అవుతాయి. వినికిడి తగ్గినవారికి హెడ్‌ఫోన్ తగిలిస్తే మరీ సుఖం.

ఎస్సెమ్మెస్‌లు చాలనుకుంటే 'గూగుల్ మెసేజెస్'ని బ్రౌజర్‌లోనే తెరవొచ్చు. 2018 నుంచి ఈ సదుపాయం ఉంది. ఫోను ఆన్‌లో ఉండి, నెట్ అందుతుండాలి. ఐఫోను, మాక్ రెండూ ఉన్నవారు ఒకే యాపిల్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగుల్లో అనుమతిస్తే కాల్స్, సందేశాలు రెండూ మాక్‌లోకి వస్తాయి. వాట్సప్ 2015లోనే కంప్యూటర్లోకి వచ్చింది. ఫోను కాకుండా మరో నాలుగు పరికరాలను దానికి జోడించుకోవచ్చు.

పెద్ద కీబోర్డు దొరికింది కదా అని ఎస్సెమ్మెస్‌లో ఉత్తరమే రాసేస్తే మాత్రం లెక్క పెరుగుతుంది. ఒక్క సందేశంలో ఇంగ్లిషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. పైగా తెలుగులో గుణింతం, పొల్లు, సున్న దేనికదే లెక్క. 'బొల్లారం' అని రాస్తే చూపుకు మూడక్షరాలే, ఫోను లెక్కలో ఎనిమిది!

తాళం ఎవరి చేతిలో?

ఇక అసలు సంగతి. బ్యాంకు పంపే ఓటీపీ కూడా ఎస్సెమ్మెస్సే. ఫోన్లోకి వచ్చిన క్షణమే అది కంప్యూటర్ తెరమీదా కనిపిస్తుంది. సొంత కంప్యూటరైతే పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరి. ఆఫీసులోనో, ఇంటర్నెట్ కేంద్రంలోనో, జిరాక్స్ షాపులోనో ఫోన్ని జోడించి, అలాగే వదిలేసి వస్తే? ఇంటి తాళంచెవి అక్కడే మరిచిపోయినట్టు. ఫోను మన జేబులోనే భద్రంగా ఉంటుంది, సందేశాలు మాత్రం ఇంకెవరో చదువుతుంటారు.

అందుకే కొన్ని జాగ్రత్తలు. నలుగురూ వాడే కంప్యూటర్లో ఫోన్ని జోడించకపోవడమే మేలు. ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేయడం, ఫోన్లో ఎవరో చెప్పిన కోడ్‌ని వాట్సప్‌లో కొట్టడం అసలే వద్దు. అలా చేస్తే మన ఖాతా వాళ్ల కంప్యూటర్‌కి జోడయిపోవచ్చు. 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ ఆప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం' అనే మాట వింటే వెంటనే కాల్ కట్ చేయాలి. మన తెర వాళ్లకు కనిపించేలా చేసే ఎత్తు అది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

జోడించినదాన్ని విడదీయడం తేలికే. వాట్సప్‌లో 'లింక్డ్ డివైజెస్', గూగుల్ మెసేజెస్‌లో 'డివైస్ పెయిరింగ్' తెరిస్తే ఏయే పరికరాలకు ఫోను జోడై ఉందో కనిపిస్తుంది. తెలియనిది ఉంటే తీసేయడమే. 'లింక్ టు విండోస్'లోనూ జోడించిన కంప్యూటర్‌ని తొలగించొచ్చు.

మనవరాలు తాతయ్యకు పెద్ద అక్షరాలతోపాటు ఈ జాబితా చూడటమూ నేర్పితే ఆయన ఇంకెవరి మీదా ఆధారపడక్కర్లేదు. నెలకోసారి చూస్తే చాలు. ఏ రోజన్నది గుర్తుండదంటారా? పింఛను పడినట్టు కబురొచ్చిన రోజే చూసుకుంటే సరి. ఆ రోజును మాత్రం ఎవరు మరిచిపోతారు!