పదిమందికొకడు

నేను మాదిగోణ్ణి. ప్రకాశం జిల్లాలో గవర్నమెంటు బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ మొకం చూసినోణ్ణి నేనే మొదలు. ఆదివారం మా పల్లె చర్చిలో సంఘ సభ్యుణ్ణి. సర్వీసు రిజిస్టరులో హిందువుని. శుక్రవారం సాయంత్రం మా పంచలో కూచునే పదిమందికి నాయకుణ్ణి. ఈ రాత ఆ పదిమంది గురించి.

మూడేళ్ళ కిందట మా పాస్టరు గారు నన్ను తర్ఫీదుకి పంపించారు. మూడు రోజులు. మద్దేనం కోడికూర, చేతికో పుస్తకం, పన్నెండు పాఠాలు. సంగతేందంటే, సంఘమంతటికీ పాస్టరు ఒక్కడు చాలడు. కాబట్టి సంఘాన్ని పదేసి మందిగా చెయ్యాలి. పదిమందికి ఒకణ్ణి తయారుచెయ్యాలి. వాడు ఆ పదిమందినీ శిష్యుల్ని చెయ్యాలి. ఏడాది తిరిగేసరికి వాళ్ళలోంచి ఇంకొకరు లేచి ఇంకో పదిమందిని కూడగట్టాలి. దీనికి రెండు ఆధారాలు చూపించారు. విన్నది ఇతరులకు నేర్పగల నమ్మకస్తులకు అప్పగించమని పౌలు తిమోతికి రాసింది ఒకటి. నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయం రెండోది. మోషే పొద్దస్తమానం ఒక్కడే కూచుని జనం గోడు వింటంటే, మామ యిత్రో వచ్చి వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో పెద్దని పెట్టమన్నాడు.

పద్ధతి మంచిదే. నేను కాదనను. మాయమ్మ సంతకం నేర్చుకుంది బళ్ళో కాదు, బైబిలు చెప్పటానికొచ్చే అమ్మ దగ్గర, అరుగు మీద. నలుగురు ఆడోళ్ళ మధ్య నోరు తెరిచి ప్రార్థన చేసి చేసి, ఆ నోటితోనే ఓ రోజు కామందు ముందు నిలబడి కూలి లెక్క అడిగింది. నాకు మాట వచ్చింది ఆ అరుగు మీద నించే. నా తగాదా పద్ధతితో కాదు, అందులో ఏం నేర్పుతున్నారన్న దాంతో.

మూడో పాఠం క్షమాపణ. నాలుగో పాఠం అధికారులకు లోబడటం. మా గుంపులో ఒక అక్క ఉంది. మూడో పాఠం అయ్యాక అడిగింది: "నెల రోజులు పొగాకు పనికి పోయినాం తమ్ముడా. ఆసామి డబ్బులియ్యలా. అడగబోతే నా కొడుకుని చెంప మీద కొట్టాడు. ఆయన్ని నేను క్షమించాల్నా? ఆయనొచ్చి నన్ను అడగాల్నా?"

పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. "ప్రార్థన చేద్దాం అక్కా" అన్నాను. ఆమె ముసుగేసుకుని కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నా. ఆ రోజు కళ్ళు మూసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతన్నా.

నెలాఖరు మీటింగులో తర్ఫీదు ఇచ్చినాయనకి చెప్పాను. "లోకసంబంధమైనవి గుంపులోకి తేవద్దు బ్రదర్. గుంపు చీలిపోద్ది. కొత్తోళ్ళు ఎంతమంది వచ్చారో ఆ లెక్క చెప్పండి" అన్నాడు.

అయ్యా, మీరు చూపించిన అధ్యాయమే మళ్ళీ తెరవండి. యిత్రో పదిమందికొకణ్ణి ఎందుకు పెట్టమన్నాడు? జనం వ్యాజ్యాలు విచారించటానికి. ఐగుప్తులో ఇటుకలు చేసి చేసి బయటపడ్డ బానిసలు వాళ్ళు. చిన్న తగువు అయితే పదిమంది పెద్ద తీర్చాలి, పెద్దదయితే మోషే దాకా పోవాలి. ఆ పెద్దకి చెప్పిన అర్హతల్లో పాట పాడటం లేదు, అన్యాయపు సొమ్ముకి ఆశపడకపోవటం ఉంది. గుంపు పుట్టిందే గోడు వినటానికి. మీరు గుంపుని ఉంచి గోడుని బయట పారేశారు. కోత కోసినోళ్ళకి ఎగ్గొట్టిన కూలి మొర పెడతదనీ, అది దేవుడి చెవిన పడతదనీ యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెప్తంది. అక్క ప్రశ్నకి జవాబు బైబిల్లో ఉంది. మీ పన్నెండు పాఠాల్లో లేదు.

ఈ పని మాకు కొత్తగా నేర్పుతున్నట్టు చెప్తారు, అదీ నాకు మంట. 1866లో యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ళ బేరం చేసే మాదిగ. ఆ మాట చుట్టాల నించి చుట్టాలకి, పల్లె నించి పల్లెకి నడిచింది. ఏ పుస్తకం పంచారు? 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి పని చూపించాడు. బోధకులే పని చేయించే మేస్త్రీలు. పగలు పార, పని ఆగినప్పుడు మాట. కూలీ వాక్యమూ ఒకే గట్టు మీద దొరికినయ్. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కడుపు గురించి మాట్లాడితే గుంపు చీలిపోద్దనే మాట ఆ గట్టు మీద ఎవరన్నా నమ్మేవాళ్ళా?

మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. ఈ చుట్టుపక్కల బాప్టిస్టులంటే ఎక్కువగా మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లంటే ఎక్కువగా మాలలు. మా పల్లెకీ మాలపల్లెకీ మధ్య ఒక్క కాలవే అడ్డం. రెండు పల్లెల్లోనూ శిష్యులే. ఆ కాలవ దాటి పోయిన గుంపు ఇంతవరకూ లేదు. పన్నెండు పాఠాల్లో దానికీ పాఠం లేదు.

ఇంక నా సంగతి. తొమ్మిదో పాఠం సత్యం. అది చెప్పే రోజు నాకు నోరు పెగల్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నించి క్రైస్తవంలోకి పోయినోళ్ళకి బీసీ-సీ కింద 1 శాతం. మతం మారితే ఆసామి నన్ను వేరే గ్లాసులో తాగనిచ్చాడా? కులం చర్చి గడప దాకా వచ్చి ఆగిందా? నా నోటికి తాళం వేసింది ఆసామి భయం ఒక్కటే కాదు, ఈ కాగితం కూడా. 'మతం మారి ఏం బావుకున్నారు' అని నవ్వే ఉద్యమ మిత్రులారా, మాయమ్మ అరుగుని చూసి నవ్వకండి, ఈ కాగితాన్ని అడగండి.

తర్వాతి శుక్రవారం అక్కకి చెప్పాను, "తప్పు చేశానక్కా" అని. ఇప్పుడు మా గుంపులో మొదటి మాట ఒకటే: ఈ వారం ఎవరికి ఏం జరిగింది? ఆ తర్వాతే పాట, వాక్యం. పదకొండు మందిమి కలిసి ఆసామి ఇంటికి పోయాం. సగం ఇచ్చాడు. గుంపులోంచి రెండు కుటుంబాలు భయపడి మానేసినయ్. నెలాఖరు మీటింగుకి నన్ను పిలవటం లేదు.

అయినా శుక్రవారం మానలేదు. అక్క తన వీధిలో ఇంకో గుంపు మొదలుపెట్టింది. ఆమెకి చదవటం రాదు. నేను పోయి వాక్యం చదువుతా, ప్రశ్న ఆమె అడుగుద్ది. మిగతా సగం కూలి ఇంకా రావాలి.