పిజ్జాకి పత్రం ఉంది, పెసరట్టుకి ఏదీ?

సింగపూర్లో సముద్రం ఒడ్డున కూర్చుని పిజ్జా తినాలంటే ముందు లెక్కలు రావాలి. మెనూలో 25 అని రాసి పక్కన రెండు ప్లస్సులు పెడతారు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి అది చూడగానే కాలేజీ రోజుల్లో మొహం మొత్తేలా చదివిన ప్రోగ్రామింగు భాషేదో గుర్తొస్తుంది గానీ, దీని సంగతి వేరు. మొదటి ప్లస్సు నూటికి పది చొప్పున సర్వీసు చార్జీ. రెండోది జీఎస్టీ, అదీ సర్వీసు చార్జీ కలిపిన మొత్తం మీద. నేనిక్కడికి వచ్చిన కొత్తలో అది 7 శాతం, 2024 జనవరి నుంచి 9. వెరసి 25 డాలర్ల పిజ్జా బిల్లులోకి వచ్చేసరికి ముప్ఫైకి రెండు సెంట్లు తక్కువ. దాన్ని రూపాయల్లోకి మార్చే అలవాటు నాకు పోయి చాలాకాలమైంది. ఊర్నించి వచ్చిన మా నాన్నగారికి మాత్రం పోలేదు. బిల్లు రాకముందే ఆయన గుణకారం అయిపోయింది.

ఆ కొట్టు పేరు చెప్పను, చెప్పినా వాళ్ళు నాకేమీ ఇవ్వరు. ఈస్ట్ కోస్ట్ పార్కు వైపు అనుకోండి. ఒకప్పుడు అక్కడ నేల లేదు, సముద్రమే ఉండేది. 1966లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పూడ్చుకుంటూ వచ్చి, దాని మీద చెట్లు నాటి, సైకిలు దారులు వేసి, ఇదిగో ఇదే మా సముద్రపు ఒడ్డు అన్నారు. ఎదురుగా నీళ్ళలో ఓడలు లంగరేసుకుని వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి, సంక్రాంతి ముందు హైవే మీద టోల్ గేటు దగ్గర కార్లలాగ. ఇలా అరవై ఏళ్ళ కిందట లేని నేల మీద కూర్చోబెట్టి మనకి నేపుల్స్ సంప్రదాయం వడ్డిస్తారు. నాకందులో తప్పేమీ కనపడదు. ఎందుకు కనపడదో చెప్పడానికే ఇదంతా.

ముందు ఆ సంప్రదాయం ఏమిటో చూద్దాం. నేపుల్స్ పిజ్జా వాళ్ళు కొందరు 1984లో ఒక సంఘం పెట్టుకుని, అసలు పిజ్జా అంటే ఏమిటో కాగితం మీద రాసుకున్నారు. 2010లో యూరోపియన్ యూనియన్ కూడా ఇంచుమించు ఆ పద్ధతినే సంప్రదాయ వంటకంగా నమోదు చేసింది. ఆ పత్రం చదివితే మనవాళ్ళు రాసే రిక్వైర్మెంట్ డాక్యుమెంట్లు ఎందుకూ పనికిరావనిపిస్తుంది. పిండిలో మైదాలాంటి మెత్తటి గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు తప్ప ఇంకేమీ ఉండకూడదు. నూనె చుక్క కూడా. ముద్ద కలిపి రెండు గంటలు, ఉండలు చేశాక ఇంకో నాలుగు నుంచి ఆరు గంటలు పొంగనివ్వాలి. అప్పడాల కర్ర ముట్టుకోకూడదు, వేళ్ళతోనే సాగదియ్యాలి. వ్యాసం 35 సెంటీమీటర్లు దాటకూడదు, మధ్యలో మందం అర సెంటీమీటరు లోపు, అంచు మాత్రం ఒకటి రెండు సెంటీమీటర్లు ఉబ్బాలి. కట్టెల పొయ్యి అడుగు 485 డిగ్రీలు ఉండాలి. అరవై నుంచి తొంభై సెకన్లలో తీసెయ్యాలి. తీశాక పుస్తకం మడిచినట్టు మడవడానికి వీలుగా మెత్తగా ఉండాలి.

అంత వేడిలో నిమిషంన్నర ఉంటే ఏమవుతుంది? అంచు మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు పడతాయి. మధ్యలో టొమాటో రసం, చీజు కరిగిన నీరు కలిసి కాస్త జారుగా ఉంటుంది. అది దాని లక్షణం.

మా బల్ల దగ్గర గొడవ సరిగ్గా ఇక్కడే వచ్చింది. మాతో వచ్చిన మిత్రుడు (పేరు వద్దు, ఇది చదువుతాడు) పిజ్జా రాగానే వెయిటర్ని పిలిచి, "అంచు మాడింది, మధ్యలో పచ్చిగా ఉంది, ఇంకోటి చేసి తీసుకురా" అన్నాడు. ఆ పిల్లాడు ఓపిగ్గా, ఇది ఇలాగే ఉంటుందండీ అన్నాడు. అయితే చిల్లీ ఫ్లేక్సు, కెచప్పు పట్రమ్మన్నాడు మావాడు. కెచప్పు లేదు. చిన్న గిన్నెలో మిరపకాయలు వేసిన ఆలివ్ నూనె తెచ్చి పెట్టారు. ముప్ఫై డాలర్లు పోసి కెచప్పు కూడా పెట్టని కొట్టేమిటని మావాడు రుసరుసలాడుతూ తిన్నాడు.

నచ్చకపోవడం తప్పు కాదు. నాకూ కొన్ని నచ్చవు. కానీ ఆవకాయ తెప్పించుకుని, ఇందులో నూనె ఎక్కువుంది తీసేసి పట్రా అంటే ఎలా ఉంటుంది? మావాడికి పిజ్జా అంటే హైదరాబాదులో మొదటి జీతంతో తిన్న అమెరికా చైను పిజ్జా. మందపాటి రొట్టె, దాని మీద మొక్కజొన్న గింజలు, పనీరు ముక్కలు, పొట్లాల్లో ఆరెగానో. అదీ మంచిదే, దాని రుచి దానిది. అది అసలుదనీ ఇది మాడిందనీ అనడంతోనే నా పేచీ.

మా నాన్నగారు మాత్రం వేరే దారిలో వెళ్ళారు. ఆయన శాకాహారి, గట్టి శాకాహారి. "ఇందులో ఉన్న చీజు గేదెపాలతో చేస్తారు నాన్నా" అని మార్గరీటా పిజ్జా చూపిస్తే ఆయన మొహం వెలిగింది. "గేదెపాల జున్నా?" అన్నారు. ఆయన మనసులో ఉన్నది ఈనిన గేదె ముర్రుపాలతో బెల్లం, మిరియాలు వేసి చేసే జున్ను. కాదు, విరగ్గొట్టిన పాలని వేడినీళ్ళలో సాగదీసి చేసేది అని చెప్పాక కాస్త నీరసపడ్డారు. అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. నేపుల్స్ చుట్టుపక్కల సంప్రదాయంగా చేసే ఆ గేదెపాల మొజరెల్లాలో పాలు విరగడానికి వాడే రెన్నెట్ అనే పదార్థం దూడ పొట్టలోంచి తీస్తారు. పార్మెజాన్ సంగతీ అంతే. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కొందరు తెలియనట్టే తింటారు, అది వాళ్ళిష్టం. శాకాహారులకి పనికొచ్చే రెన్నెట్‌తో చేసిన చీజులూ దొరుకుతాయి, కానీ అడిగి తెలుసుకోవాలి.

ఇలాంటప్పుడు మీ అమ్మానాన్నలకి చెప్పి పెట్టాల్సిన పిజ్జా మారినారా. పేరు వింటే చేపలూ రొయ్యలూ ఉంటాయనిపిస్తుంది, చాలామంది ఆ భయంతోనే దాన్ని దాటేస్తారు. అందులో చేపా లేదు, చీజూ లేదు. టొమాటో, వెల్లుల్లి, ఆరెగానో, ఆలివ్ నూనె. అంతే. మార్గరీటా కంటే పాతది, మెనూలో సాధారణంగా అన్నిటికంటే చవక కూడా. (మార్గరీటాకి 1889లో ఇటలీ రాణి పేరు పెట్టారని ప్రతి కొట్టు గోడ మీదా కథ రాసుంటుంది. ఆ కథకి ఆధారాలు బలంగా లేవని చరిత్రకారులంటారు. కథ మాత్రం బాగా అమ్ముడుపోయింది.) వెల్లుల్లి తినని వాళ్ళకి అదీ తియ్యమని చెప్పొచ్చు, అప్పుడు మిగిలేది టొమాటో పచ్చడి రాసిన రొట్టె.

నాన్నగారు మారినారా తిన్నారు. మా మిత్రుడు మాడిందని పక్కన పెట్టిన అంచులు కూడా తిన్నారు. "దిబ్బరొట్టెకి అంచే కదరా రుచి, మాడకపోతే అది రొట్టె ఎలా అవుతుంది?" అన్నారు. మా చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలో వేసిన మినపరొట్టె అడుగుచెక్క కోసం అన్నదమ్ములం కొట్టుకున్న మాట నిజమే. ఇటలీ ఎక్కడుందో మ్యాపులో చూపించలేని మనిషికి, ఏ పత్రమూ చదవకుండా ఆ మచ్చల అర్థం తెలిసిపోయింది. ఆ మాటకే మా అమ్మాయి, ఇక్కడ పుట్టి పెరిగింది, "తాతగారూ, దిబ్బరొట్టె అంటే ఏంటి?" అంది. పిజ్జా పిండి ఎన్ని గంటలు పొంగాలో చెప్పగలదు అది, వీడియోలు చూసి నేర్చుకుంది. దిబ్బరొట్టె పేరు వినలేదు.

నన్ను అప్పట్నించీ తొలుస్తున్న విషయం ఇదీ. 2017లో యునెస్కో వాళ్ళు తమ సాంస్కృతిక వారసత్వ జాబితాలో నేపుల్స్‌కి చోటిచ్చినప్పుడు, జాబితాలోకెక్కింది పిజ్జా కాదు, పిజ్జా చేసేవాడి కళ. ముద్ద సాగదియ్యడం, గాల్లో తిప్పడం, పొయ్యిలో తోసి తిప్పి తియ్యడం, దాన్ని గురువు దగ్గర నేర్చుకోవడం. ఆ పనివాడికి ఒక పేరుంది, ఆ పేరుకి మర్యాద ఉంది. మా బల్లకి పదడుగుల దూరంలో, అద్దం వెనకాల, పొయ్యి ముందు చెమటలు కక్కుతున్న మనిషిని పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు. మనకీ దోసె మాస్టరు ఉన్నాడు. పెనం మీద నీళ్ళు చిలకరించి, ఆ చప్పుడు విని వేడి తెలుసుకుని, గరిటెతో ఒక్క చుట్టు చుట్టి, కాగితంలా పరిచేవాడు. మాస్టరు అని పిలుస్తాం, ఆ పిలుపుతోనే సరి. వంటగది వెనకాల, గాలి ఆడని చోట ఉంటాడు. దోసె ఆలస్యమైతే మాత్రం గుర్తొస్తాడు.

సింగపూర్లో అయితే ఆ మాస్టర్ని తెచ్చుకోవడమే ఒక ప్రహసనం. మామూలు వర్క్ పర్మిట్ మీద మన దేశం నుంచి హోటలు వంటవాళ్ళని తెచ్చుకోవడానికి చాలాకాలం వీల్లేకపోయింది. 2023 సెప్టెంబరు నుంచి భారతీయ రెస్టారెంట్లకి ఆ అనుమతి ఇచ్చారు, నెలకి కనీసం 2000 డాలర్ల జీతం ఇవ్వాలన్న షరతు మీద. ఆ జీతం ఇవ్వాలంటే ఓనరు పెసరట్టుకి ఎంత తీసుకోవాలి? అదే మనం 8 డాలర్లంటే నోరు వెళ్ళబెడతాం. పెసలూ అల్లమూ పచ్చిమిరపకాయలే కదా అంటాం. మైదా, నీళ్ళు, టొమాటోకి సముద్రం ఒడ్డున 30 ఇచ్చి, మెత్తగా సంతకం పెట్టి వచ్చిన వాళ్ళమే అంటాం. మనం అడిగే ధరకి తగ్గట్టే వాళ్ళు పెడతారు. ఇక్కడ ఒక చోట నాకు పెసరట్టు పేరుతో వచ్చింది దోసెపిండిలో కాస్త పెసరపిండీ రంగూ కలిపి పోసిన ఆకుపచ్చ దోసె. పిజ్జా వెనక్కి పంపబోయిన మిత్రుడే అప్పుడూ పక్కనున్నాడు. మాట్లాడకుండా తిన్నాడు.

మనకీ పత్రాలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. తిరుపతి లడ్డూకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, హైదరాబాద్ హలీముకి 2010లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో. సంతోషమే. పూతరేకులు చేసే ఆడవాళ్ళకి దానివల్ల నాలుగు డబ్బులు ఎక్కువొస్తే ఇంకా సంతోషం. కానీ ఆ గుర్తింపు స్వభావం వేరు. అది ఊరికి కట్టిన కంచె. ఆత్రేయపురం పేరుతో అమ్మాలంటే అది ఆత్రేయపురం నుంచే రావాలి. నేపుల్స్ వాళ్ళ సంఘం చేసింది ఇంకోటి. పద్ధతిని బయటపెట్టి, ఇది పాటించినవాడు టోక్యోలో ఉన్నా సింగపూర్లో ఉన్నా చేసేది అసలు పిజ్జాయే అన్నారు. ప్రపంచమంతా వందల కొట్లు ఆ సంఘం బోర్డు తగిలించుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే మొదటిది లైసెన్సు, రెండోది ఓపెన్ స్టాండర్డు. ఊరొదిలి వచ్చిన మనబోటి వాళ్ళకి కావలసింది రెండోదే. నా కూతురు ఈ పూడ్చిన ఒడ్డు మీద పెసరట్టు వేస్తే అది నకలు అనకూడదు ఎవరూ. సరిగ్గా వేస్తే అది పెసరట్టే.

ఇక్కడి వాళ్ళు కూడా తమ హాకర్ సెంటర్ల సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో జాబితాలోకి ఎక్కించారు. ఏభై ఏళ్ళ నాటి తోపుడుబళ్ళ తిండిని. అంటే ఇది వేల ఏళ్ళ చరిత్ర ఉంటే తప్ప కుదరని వ్యవహారమేమీ కాదు. కూర్చుని రాయాలి, అంతే. తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి పచ్చడీ పులిహోరా పెట్టి, సినిమావాళ్ళని పిలిచి ఫొటోలు దిగుతాయి. అందులో ఒక్క పూట ఒక పెద్దావిడని పెనం ముందు కూర్చోబెట్టి, ఆవిడ చేతిని చూసి కొలతలు రాసుకుంటే ఎంత ఖర్చు?

ఆ వారాంతం నాన్నగారూ, అమ్మాయీ, నేనూ మొదలుపెట్టాం. పొట్టుతో ఉన్న పెసలు, నాలుగైదు గంటలు నానాలి. పులియబెట్టకూడదు, రుబ్బగానే పొయ్యాలి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు. ఇంతవరకూ అందరం ఒప్పుకున్నాం. గుప్పెడు బియ్యం వెయ్యాలా అన్న దగ్గర ఆగిపోయింది. కరకరలాడాలంటే వెయ్యాలని మా ఆవిడ, గోదావరి అవతలి మనిషి. వేస్తే అది పెసరట్టే కాదని నాన్నగారు. ఫోన్లో అమ్మని అడిగితే, ఎవరింటికి వెళ్తే వాళ్ళకి తగ్గట్టు వేస్తానంది. అమ్మాయి పుస్తకంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఉప్మా దాకా రానేలేదు.