పగడాల నడుమ ఒక పగలు

కరోల్ బాగ్‌లో కాపురముండే తెలుగు కుటుంబాలకు పగడం రెండు చోట్ల పరిచయం. మొదటిది బ్యాంక్ స్ట్రీట్ నగల దుకాణాలు. ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడు మంగళసూత్రాల పక్కన నల్లపూసలతోపాటు గుచ్చడానికి రెండు పగడాలు కొనే ఆచారం మనలో చాలామందికి నేటికీ ఉన్నది. రెండవది మా సహోద్యోగి మిత్రుని ఇంట్లోని అద్దాల బీరువా. అందులో కొండపల్లి బొమ్మలకూ ఏటికొప్పాక లక్కపిడతలకూ మధ్య, చెట్టుకొమ్మ వంటి తెల్లని పగడపు ముక్క ఒకటి ఉన్నది. మిత్రుని తండ్రిగారు 1980లలో అండమాన్‌లో ఉద్యోగం చేసి తిరిగి వస్తూ తెచ్చినది. పండుగలకు ఆ ఇంటికి వచ్చిన పిల్లలందరూ దానిని చూచి “ఇది రాయా, చెట్టా?” అని అడగడం, మిత్రుని తల్లిగారు “రాయే నాయనా” అని చెప్పడం ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చినది.

మొన్నటి ఫిబ్రవరిలో మూడు కుటుంబాల వారము కలసి ఎల్.టి.సి.పై అండమాన్ యాత్రకు బయలుదేరాము. మొత్తం పదకొండుగురము. అందరిలో పెద్ద ఆ తల్లిగారే. డెబ్బై రెండేళ్ళు నిండినవి. అందరిలో చిన్నది మా అమ్మాయి, తొమ్మిదేళ్ళు. మాలో ఈత వచ్చినవారు ఇద్దరే. సముద్రమంటే రైలు కిటికీలో నుండి చూచిన అనుభవమే తప్ప, దానిలోనికి తల వంచి చూచిన అనుభవం ఎవరికీ లేదు. సెల్యులార్ జైలును దర్శించి వచ్చిన మరునాటి పగలంతా మహాత్మా గాంధీ సాగర జాతీయోద్యానవనానికి కేటాయించుకొన్నాము. ఈ నెల శీర్షికలో ఆ ఒక్క పగటి కథే చెప్పదలచాము.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారినది. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూరు అనే తీరగ్రామమున్నది. పేరు మన ఊరి పేరువలె వినిపించడంతో మా పెద్దలకు ఎంతో ఉత్సాహం కలిగినది. 1983లో ఏర్పాటైన ఈ ఉద్యానవనం 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం కలది. పదిహేను ద్వీపాలూ, వాటి నడుమనున్న సముద్రమూ ఇందులో చేరి ఉన్నవి. ఇన్ని ద్వీపాలలో యాత్రికులకు తెరచి ఉంచేవి రెండే. వానలు లేని నెలలలో జాలీ బాయ్, వానాకాలంలో రెడ్ స్కిన్. ఒకటి తెరచినప్పుడు రెండవది మూసి ఉంచుతారు. రోజుకు ఇంతమందికే అనుమతి. సోమవారం పూర్తిగా సెలవు. “మన కరోల్ బాగ్ బజారుకు కూడా సోమవారమే కదా సెలవు!” అని మా శ్రీమతి అనగా అందరమూ నవ్వుకొన్నాము. బజారుకైతే సెలవు దుకాణదారుల విశ్రాంతి కోసం. ఇక్కడ సెలవు ద్వీపం కోసం.

పడవ రేవులో అటవీశాఖవారు గుర్తింపు కార్డులు, అనుమతి పత్రాలు చూచిన తరువాత సంచులన్నీ విప్పించారు. ప్లాస్టిక్ అన్నది ఏదీ పడవ ఎక్కరాదు. బిస్కట్ల పొట్లాలు, నీళ్ళ సీసాలు అన్నీ అక్కడే ఆగిపోయినవి. నీటికి బదులు సీసాలు అద్దెకిచ్చి ధరావతు తీసుకొన్నారు. స్టీలు డబ్బాలో తెచ్చుకొన్న పులిహోర మాత్రం మాతో రానిచ్చారు. మాలో ఒకరు “ఇంత కట్టుదిట్టమా?” అని విసుక్కొన్నారు. ఆ మాట వారు సాయంత్రం వెనక్కు తీసుకొన్నారు.

పడవ మొదట మడ అడవుల నడుమ సాగినది. నీటిలోనికి వ్రేళ్ళు దించి నిలబడిన చెట్లు. వాటి నీడలో ఆకుపచ్చని నిశ్శబ్దం. మార్గమధ్యంలో మాకు తోడుగా వచ్చిన గైడు మా మాటలు విని, “మీది తెలుగేనా బాబూ?” అని పలుకరించాడు. అతని తాతగారు శ్రీకాకుళం జిల్లా తీరం నుండి చేపల వేటకై వచ్చి స్థిరపడినవారట. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో ప్రతి నూరుగురిలో పదముగ్గురు తెలుగు మాతృభాషగా కలవారే. వారిలో అధికులు ఉత్తరాంధ్ర తీరం నుండి వచ్చినవారే. ఢిల్లీ తెలుగువారికీ అండమాన్ తెలుగువారికీ ఆ పడవలో క్షణాలలో చుట్టరికం కలిసినది.

సుమారు గంట ప్రయాణం తరువాత జాలీ బాయ్ కనిపించినది. అక్కడ రేవు లేదు, కట్టనివ్వరు. పెద్ద పడవ దూరంగా ఆగగా, అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోనికి మారి ఒడ్డు చేరుకోవాలి. ద్వీపంలో దుకాణం లేదు, కాఫీ లేదు, రాత్రి బస లేదు. తెల్లని ఇసుక, వెనుక అడవి, ముందు నీరు. అంతే.

ఈతరానివారు కూడా స్నార్కెలింగ్ చేయవచ్చునని గైడు ధైర్యం చెప్పాడు. ముఖానికి అద్దం బిగించుకొని, నోటితో గొట్టం కరచిపట్టి, తేలుడు చొక్కా తొడుక్కొని, నీటిపై బోర్లా తేలడమే ఈ విద్య. ఈతరానివారు రబ్బరు చక్రాన్ని పట్టుకొంటే గైడు ముందుండి లాగుకొని పోతాడు. ముక్కుతో గాలి పీల్చే అలవాటును మరచి నోటితో పీల్చడం నేర్చుకోవడానికి మాకు పావుగంట పట్టినది. తరువాత తల వంచి చూచాము.

చూచినదాన్ని వర్ణించడం మా శక్తికి మించిన పని. జింక కొమ్ముల వంటివి, మనిషి మెదడు వంటివి, విప్పారిన పళ్ళెం వంటివి, గోధుమ, ఆకుపచ్చ, ఊదా రంగులలో పగడాలు. వాటి సందులలో నారింజ రంగు చారల చేపలు. పగడాన్ని నోటితో గీరుతున్న చిలుక చేప ఒకటి కనిపించినది. అది అరిగించుకోలేని సున్నం ఇసుకై బయటికి వస్తుందనీ, మనం కూర్చున్న ఇసుకలో దాని భాగం కొంత ఉన్నదనీ తరువాత తెలిసినప్పుడు పిల్లలు చాలాసేపు నవ్వారు.

ఇంతలో మాలో ఒకరి అద్దంలోనికి నీరు చేరినది. వారెవరో చెప్పనవసరం లేదు. ఈ శీర్షిక వ్రాసేవారే. కంగారులో కాళ్ళు కిందికి దించాము. పాదానికి ఏదో గట్టిగా తగిలినది. వెంటనే గైడు రెండు చేతులతో మమ్మల్ని పైకెత్తి, “కాళ్ళు దించకండి బాబూ! అది రాయి కాదు, పేనం ఉన్నది,” అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయమున్నది. మళ్ళీ తల వంచి చూస్తే వేలెడంత కొమ్మ విరిగి ఇసుకలో పడి ఉన్నది. మా పాదానికి చిన్న గీత పడినది. అది నాలుగు రోజులలో మానినది. ఆ కొమ్మ సంగతి వేరు.

పగడం ఒక జంతువు. ఆవగింజంత మొదలు చిటికెన వ్రేలి గోరంత వరకు ఉండే మెత్తని ప్రాణులు వేలకొద్దీ ఒకచోట చేరి, సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకొని తమ కింద తామే ఇల్లు కట్టుకొంటాయి. వాటి ఒంటిలో కంటికి కనిపించని నాచు కణాలు నివసిస్తూ సూర్యరశ్మితో ఆహారం తయారు చేసిపెడతాయి. రంగులో ఎక్కువ భాగం ఆ నాచుదే. కనుకనే పగడానికి వెలుతురు, తేటనీరు తప్పనిసరి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రునీరు కలిసే మన కోస్తాలో ఇటువంటి పగడపు దిబ్బలు ఏర్పడకపోవడానికి ఇదొక కారణం. మెదడు వంటి గుండ్రని పగడం ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగదు. మనిషి ఎత్తు దిబ్బ ఒకటి మన తాతముత్తాతల కంటె పెద్దది కావచ్చును. సముద్రగర్భంలో పగడపు దిబ్బలు ఆక్రమించిన చోటు నూటికి ఒక వంతు కూడా లేదు; అయినా సముద్రజీవుల రకాలలో సుమారు నాలుగవ వంతుకు ఏదో ఒక దశలో అవే ఆధారం.

ఈ దిబ్బలకు దెబ్బలు కొత్త కాదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, అక్కడి పగడాలు గాలికి బయటపడి చనిపోయినవి. దక్షిణాన నేల కుంగినది. అప్పటి ఉప్పునీటికి ఎండిన చెట్లు వండూరు తీరంలో చూపించారు. అంతకంటె నెమ్మదిగా వచ్చే ఆపద వేడి. వేసవి గరిష్ఠం కంటె ఒక్క డిగ్రీ వేడి కొన్ని వారాలపాటు నిలిస్తే చాలు, పగడం తనలోని నాచును వెలివేసి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకొంటుంది; లేకుంటే ఆకలితో చస్తుంది. అండమాన్‌లో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఈ విధంగా జరిగినది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచమంతటా నాల్గవసారి ఇది సాగుతున్నదని ప్రకటించారు. భూకంపాన్ని మనం ఆపలేము. సముద్రపు వేడిని ఒక్క కుటుంబం తగ్గించలేదు. పాదాన్ని మాత్రం పైకెత్తి ఉంచగలము. అడుగడుగునా కనిపించిన కట్టుదిట్టాలన్నింటికీ అర్థం ఇదేనని అప్పుడు బోధపడినది.

తల్లిగారు నీటిలోనికి దిగలేదు. అద్దపు పడవలో కూర్చొని, కిందికి వంగి, మాట్లాడకుండా చూస్తూ ఉన్నారు. తిరుగు ప్రయాణంలో పులిహోర పంచుతూ ఆమె చెప్పిన విషయం కుమారునికి కూడా అప్పటివరకు తెలియదు.

“మనింట్లో ఉన్న కొమ్మ ఒడ్డున దొరికింది కాదురా. అప్పట్లో పిక్నిక్‌కు వచ్చాము. పడవవాడు నీళ్ళలో మునిగి విరిచి ఇచ్చాడు. అప్పుడది గోధుమ రంగులో, పట్టుకొంటే జిగురుగా ఉండేది. ఇంటికి తెచ్చిన రెండు రోజులకు వాసన వేసింది. మీ నాన్నగారు బ్లీచింగ్ పొడి నీళ్ళలో నానబెట్టి, పెరట్లో ఎండబెట్టారు. అప్పటికి గాని తెల్లబడలేదు. రాయి అయితే వాసన ఎందుకు వేస్తుందని నేను అప్పుడే అనుకోవలసింది.”

పడవలో కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. గైడే తేరుకొని, “అప్పుడు ఎవరికీ తెలవదు అమ్మగారూ. మా తాత కూడా తెచ్చి అమ్మినోడే,” అన్నాడు.

ఆ రోజులకూ ఈ రోజులకూ చట్టంలో కూడా తేడా వచ్చినది. 2001 నుండి దిబ్బలు కట్టే రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే వీటికీ ఉన్నది. చనిపోయిన ముక్కను ఇసుకలో నుండి ఏరి సంచిలో వేసుకొన్నా నేరమే. ఢిల్లీకి తిరిగి వచ్చిన తరువాత బ్యాంక్ స్ట్రీట్‌లోని ఒక దుకాణంలో నగల పగడం సంగతి కూడా విచారించాము. ఎర్రపగడం జాతి వేరు. దిబ్బలు కట్టేది కాదు. ముఖ్యంగా మధ్యధరా సముద్రపు లోతులలో పెరుగుతుంది. రోమనుల కాలం నుండి మన దేశానికి వర్తకంలో వస్తున్నది. జాతి వేరైనా అదీ ఒక ప్రాణి అస్థిపంజరమే. మన ఇండ్లలో అమ్మమ్మల నుండి వచ్చిన పగడాలు ఉన్నవారు వాటినే తిరిగి గుచ్చించుకొంటే కొత్తవి కొనే పని ఉండదని మా శ్రీమతి అభిప్రాయం. పాఠక సోదరీమణులు ఆలోచింపగలరు.

ఈ యాత్ర చేయదలచిన ఉద్యోగ మిత్రులకు నాలుగు మాటలు. జాలీ బాయ్ చూడాలంటే నవంబరు నుండి ఏప్రిల్ లోపల వెళ్ళండి. అనుమతి ముందే తీసుకోండి, సోమవారం పెట్టుకోకండి. పూతలు, క్రీములు రాసుకొని నీటిలో దిగకండి. కొన్నింటిలోని రసాయనాలు పగడానికి హాని చేస్తాయని హవాయి, పలావు ద్వీపాలవారు వాటిని నిషేధించారు కూడా. ఎండకు పొడుగు చేతుల చొక్కా చాలును. మొసళ్ళ హెచ్చరిక ఉన్న చోట ఎంత తేటనీరైనా దిగవద్దు. అద్దంలోనికి నీరు చేరితే కాళ్ళు దించకుండా వెల్లకిలా తిరగండి. తేలుడు చొక్కా మిమ్మల్ని మోస్తుంది. ఈ ఒక్క మాట మాకు ముందే తెలిసి ఉంటే ఆ కొమ్మ ఇంకా నిలిచి ఉండేది.

ఉగాదినాడు మిత్రుని ఇంట్లో అందరమూ కలిశాము. వేపపువ్వు పచ్చడి తింటూ పక్కింటి బాబు అద్దాల బీరువా దగ్గర నిలబడి, “ఇది రాయా, చెట్టా?” అని అడిగాడు. తల్లిగారు వాడిని దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకొన్నారు.

“రెండూ కాదు నాన్నా. అది జంతువు. తెలియక చంపి తెచ్చుకొన్నాము. రా, అది ఎక్కడ ఎలా బ్రతుకుతుందో చెబుతాను.”