ఒత్తిడి పరులది, సంజాయిషీ మనవారిది

లోకమున ఏ ప్రభుత్వమును ఒంటరిగా మనజాలదు. అప్పిచ్చువారు, ఆయుధములమ్మువారు, చమురు పంపువారు, సరిహద్దున కావల సేనలను నిలిపినవారు, పెట్టుబడులతో వచ్చి లాభములతో వెళ్లువారు – వీరందరి అభిమతములును ప్రతి రాజధానియందును ఏదో యొక ద్వారమున ప్రవేశించుచునే యుండును. కావున తమపై పరుల ప్రభావ మెంతమాత్రమును లేదని చాటుకొను పాలకుని మాటను నమ్మవలసిన పనిలేదు. ప్రభావమున్నదన్న మాత్రముననే ఆ దేశమున ప్రజాస్వామ్యము నశించినదని విలపింపవలసిన పనియు లేదు. ఆ ఒత్తిడికి లొంగియో, దానిని ఎదిర్చియో చేసిన నిర్ణయమునకు స్వదేశప్రజల యెదుట నిలిచి సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు ఎవడైన నున్నాడా, ఆ సంజాయిషీ తృప్తికరముగ లేనిచో వానిని దింపివేయుటకు ప్రజలకు సాధనమేదైన నున్నదా అనునదియే విచారింపదగిన విషయము. వివిధ దేశముల పరిపాలనలను ఈ కొలమానముతో సరిచూచినచో, బలవంతములని పేరుపొందిన రాజ్యములు కొన్ని తేలిపోవుటయు, అల్పములనుకొనునవి కొన్ని నిలదొక్కుకొనుటయు గాననగును.

ముందుగ ఐస్‌లాండ్ దేశమును గైకొందము. మూడు లక్షల పైచిలుకు జనాభా గల ఆ ద్వీపమున 2008 అక్టోబరులో పెద్ద బ్యాంకులు మూడును కొద్ది దినములలోనే కూలిపోయెను. వానిలో నొకటియగు లాండ్స్‌బాంకి 'ఐస్‌సేవ్' అను పేర బ్రిటన్, నెదర్లాండ్స్ దేశములయందు డిపాజిట్లు సేకరించియుండుటచే, ఆ రెండు ప్రభుత్వములును తమ పౌరులకు సొమ్ము చెల్లించి, ఆ మొత్తమును ఐస్‌లాండ్ ఖజానా నుండి రాబట్టుటకు పూనుకొనెను. ఉగ్రవాద నిరోధమునకై చేసికొన్న చట్టమునే ప్రయోగించి బ్రిటన్ ఆ బ్యాంకు ఆస్తులను స్తంభింపజేసెను. ఐస్‌లాండ్ పార్లమెంటు 2009 డిసెంబరులో చెల్లింపునకు సమ్మతించి చట్టము చేయగా, ఓటర్లలో నాల్గవ వంతునకు దగ్గరగ మహజరుపై సంతకములు చేసిరి. అధ్యక్షుడు ఓలావుర్ రాగ్నార్ గ్రిమ్సన్ ఆ చట్టముపై తాను సంతకము చేయక, దానిని ప్రజల తీర్పునకు నివేదించెను. 2010 మార్చిలో ఓటు వేసినవారిలో నూటికి తొంబదిమందికి పైగా వలదనిరి. షరతులను సడలించి తెచ్చిన మరియొక ఒప్పందమును 2011 ఏప్రిల్‌లో మరల తిరస్కరించిరి. 2013 జనవరిలో ఐరోపా స్వేచ్ఛావాణిజ్య సంఘపు (ఎఫ్టా) న్యాయస్థానము ఐస్‌లాండ్ పక్షముననే తీర్పు చెప్పెను. డిపాజిట్ల సొమ్ము తుదకు దివాలా యెత్తిన బ్యాంకు ఆస్తుల నుండియే తీరినది.

విదేశములను ఎదిర్చితిమన్న సంతోషముతో ఆ ప్రజలు ఊరకుండలేదు. మంత్రుల విచారణకై ఏర్పరుపబడియు అంతవఱకు ఒక్క పర్యాయమైనను సమావేశము కాని ప్రత్యేక న్యాయస్థానము ఎదుట, విపత్కాలమున ప్రధానమంత్రిగా నున్న గేర్ హార్దెను నిలబెట్టిరి. ముంచుకొని వచ్చుచున్న ప్రమాదమును మంత్రివర్గ సమావేశమున చర్చకు పెట్టలేదను ఒక్క అభియోగమున 2012 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము ఆయనను దోషిగ నిర్ణయించి, శిక్ష మాత్రము విధింపక విడిచెను. తప్పిదము స్వల్పమనియు, తీర్పు నామమాత్రమనియు ఎవరైన ననవచ్చును. కాని మంత్రివర్గ సమావేశమున నోరు మెదపకపోవుటయు నేరమే యగునని ఒక రాజ్యము తన ప్రధానినే బోనునెక్కించి నిర్ణయించుట సామాన్య విషయము కాదు.

గ్రీసునందు జరిగినది ఇందులకు విపరీతము. యూరోపియన్ కమిషన్, యూరోపియన్ కేంద్ర బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి అను ఋణదాతల త్రయము కోరిన పొదుపు షరతులను అంగీకరింపవలెనా వలదా అని ప్రధాని అలెక్సిస్ త్సిప్రాస్ 2015 జూలై 5వ తేదీన ప్రజలనడుగగా, నూటికి అరువదియొక్క మంది వలదని చెప్పిరి. అప్పటికే కేంద్ర బ్యాంకు అత్యవసర ద్రవ్యసాయపు పరిమితిని పెంచక బిగించియుండుటచే బ్యాంకులు మూతపడి, రోజునకు అరువది యూరోలకంటె ఎక్కువ తీసికొనుటకు వీలులేక జనులు యంత్రముల ముందు బారులు తీరియుండిరి. జూలై 13వ తేదీ ఉదయమునకు అదే ప్రధాని, అంతకంటె సులభములని చెప్పవీలులేని షరతులకు తలయొగ్గెను. ఆ షరతులలో ప్రజాస్వామ్యాభిమానులు మఱవరానిది యొకటి కలదు: సంబంధిత విషయములపై ఏ బిల్లునైనను పార్లమెంటు ముందుంచుటకు పూర్వమే, ప్రజల సంప్రదింపునకు విడుదల చేయుటకును పూర్వమే, ఋణదాతలతో చర్చించి వారి సమ్మతిని పొందవలెనట! శాసనసభ్యుడు చూడకమునుపే శాసనమును ఋణదాత చూచుటయన్నమాట.

రెండు దేశముల స్థితిగతులును సమానములు కావనుట సత్యమే. ఐస్‌లాండ్‌కు స్వంత నాణెము కలదు. దాని విలువను తగ్గించుకొని, ద్రవ్యప్రవాహములను అరికట్టి, ఊపిరి పీల్చుకొనెను. గ్రీసు చేత యూరో తప్ప వేఱు నాణెము లేదు. అయినను త్సిప్రాస్ పారిపోయినవాడు కాడు. ఆగస్టులో రాజీనామా యిచ్చి, సెప్టెంబరులో మరల ఎన్నికలకు నిలిచి గెలిచెను, 2019లో ఓడిపోయెను. ఓటరు చేతి అధికారము రెండు పాళ్లుగ నుండుననుట దీనివలన తేటపడుచున్నది: పాలకుని మార్చు హక్కు ఒకటి, పాలనావిధానమును మార్చు హక్కు మఱియొకటి. గ్రీకు ఓటరునకు మొదటిది మిగిలినది, రెండవది చేజారినది. పరప్రభావము యొక్క నిజమైన అపాయమిదియే. ఎన్నికలను అది రద్దు చేయదు, పత్రికలను మూయించదు. ఓటు వేసి సాధింపదగినదేమియు మిగులకుండ జేయును.

ఈ భేదము తెలుగువారికి అనుభవమున తెలిసినదే. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రపంచబ్యాంకు ఋణముతో ఆర్థిక సంస్కరణలకును, 1998 నాటి చట్టముతో విద్యుత్ సంస్కరణలకును పూనుకొనెను. 2000లో విద్యుత్ చార్జీలు పెరుగగా ఆందోళన చెలరేగి, ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ప్రాణములు బలియయ్యెను. ఆ సంస్కరణలు అవసరములా కావా యను వాదము ఇప్పటికిని ఉన్నది. కాని 2004లో ఓటరు పాలకుని మార్చుటయే గాక, వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చు విధానమును గూడ సాధించుకొనెను. ఒక రాష్ట్రపు ఓటరునకు ప్రపంచబ్యాంకు షరతుపై నున్నపాటి పట్టు, ఒక స్వతంత్రదేశపు ఓటరునకు యూరోపియన్ త్రయముపై లేకపోవుట ఆలోచింపదగిన విషయము.

పరప్రభావమును పాలకులు రెండు విధముల వాడుకొందురు. తాము చేసినదానికి అది వారికి సాకు. ఎదిరి నోరు మూయించుటకు అదియే వారికి కఱ్ఱ. మొదటి దానికి శ్రీలంక నిదర్శనము. హంబన్‌టొట రేవును 2017లో చైనా సంస్థకు 99 సంవత్సరముల కౌలునకిచ్చినది మొదలు, ఆ దేశపు దుర్గతికంతకును చైనా పన్నిన ఋణజాలమే కారణమను ప్రచారము దేశదేశముల వ్యాపించినది. వాస్తవమున 2022 ఏప్రిల్‌లో చెల్లింపులు నిలిపివేయునాటికి శ్రీలంక విదేశీఋణములో పెద్దపాలు పాశ్చాత్య విపణులలో అమ్మిన బాండ్లది. 2019 నాటి పన్నుల తగ్గింపును గాని, 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగ నిషేధించుటను గాని కొలంబోలోని పాలకులే చేసిరి. ఏ విదేశమును వారిచే చేయింపలేదు. 2022 జూలైలో ప్రజలు అధ్యక్షభవనమును ముట్టడింపగా గొటబయ రాజపక్స దేశము విడిచి వెళ్లెను. 2023 నవంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు, గొటబయ, మహింద, బసిల్ రాజపక్స సోదరులును, కొందఱు ఉన్నతాధికారులును ప్రజావిశ్వాసమును భంగపఱచి ఆర్థికపతనమునకు కారకులైరని తీర్పునిచ్చెను. బీజింగును గాని, వాషింగ్టనును గాని శపించుటకంటె ఈ తీర్పు శ్రీలంక ప్రజాస్వామ్యమునకు ఎక్కువ మేలు చేసినది.

నేపాల్ మఱియొక మార్గమును త్రొక్కినది. అమెరికా యిచ్చు 50 కోట్ల డాలర్ల మిలీనియం చాలెంజ్ కార్పొరేషన్ (ఎంసీసీ) గ్రాంటునకు 2017లో ఒప్పందము కుదిరినను, అది తమ చట్టములకంటె పైదగునేమోయను అనుమానముతో అయిదు సంవత్సరములు వీథులయందును సభయందును కలహము జరిగినది. తుదకు 2022 ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ధ్రువీకరించుచునే, తమ రాజ్యాంగమే సర్వోన్నతమను వ్యాఖ్యానప్రకటనను జతపఱచెను. ఇరుదెసల రెండు మహారాజ్యముల నడుమ నున్న బీదదేశము, సాయమును కాదనకయే, తన సభాగృహపు ద్వారముననే దానిని లోనికి రానిచ్చినది.

ఇక పరప్రభావమును కఱ్ఱగ వాడుకొను విధము. నాజీ ప్రచారమునకు వెఱచి అమెరికా 1938లో విదేశీ ప్రతినిధుల నమోదు చట్టమును చేసికొన్నది. ఇతర ప్రభుత్వముల తరఫున పనిచేయువారు తమ ఒప్పందములను, పుచ్చుకొన్న సొమ్మును ప్రకటింపవలెను. ఆ దస్త్రములను ఎవరైనను చూడవచ్చును. దశాబ్దముల పర్యంతము దాని అమలు మందకొడిగ సాగినను, సెనేటు విదేశవ్యవహారముల సంఘమునకు అధ్యక్షుడుగ నుండిన బాబ్ మెనెండెజ్, ఈజిప్టునకు ఏజెంటుగ వర్తించుట మొదలగు నేరములకు 2024 జూలైలో దోషిగ తేలి, పదునొకండేండ్ల ఖైదునకు గురియయ్యెను. దోషిగ తేలిననాటి దేశాధ్యక్షునిది ఆయన పార్టీయే. 2025 ఫిబ్రవరిలో అమెరికా న్యాయశాఖ ఈ చట్టము క్రింది నేరవిచారణలను గూఢచర్యమువంటి కృత్యములకు పరిమితము చేయుట ఎంతమాత్రమును శుభసూచకము కాదు.

జార్జియా దేశము 2024 మే నెలలో, విదేశములనుండి నూటికి ఇరువది పాళ్లకు మించి నిధులు పొందు సంస్థలు నమోదు కావలెనని చట్టము చేసినది. వీథులు నిరసనలతో నిండెను. అధ్యక్షురాలు సలొమె జురబిష్విలి వీటో చేసిరి. పార్లమెంటు ఆ వీటోను త్రోసిపుచ్చినది. మఱుసటి సంవత్సరము, అమెరికా చట్టమునే యథాతథముగ అనువదించితిమని చెప్పుకొనుచు మఱియొక శాసనమును తెచ్చినది. అక్షరములు సమానమే యైనను ఫలితము సమానము కాదు. అమెరికాలో ఆ చట్టమునకు అధికారపక్షపు సెనేటరు చిక్కినాడు. జార్జియాలో దాని గుఱి అధికారపక్షమును ప్రశ్నించు పత్రికలపైనను, స్వచ్ఛంద సంస్థలపైనను నిలిచినది. ఇట్టి చట్టము ఏ దేశమున మంచిదో తెలిసికొనగోరువారు దాని పాఠమును చదువుటకంటె, అది మొట్టమొదట ఎవరి తలుపు తట్టినదో చూచుట మేలు.

ఈ పరీక్షకు మన దేశము నిలుచునా? 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, వేదాంత సంస్థకు చెందిన కంపెనీలనుండి విరాళములు గైకొని భారతీయ జనతా పార్టీ, కాంగ్రెసు – రెండును విదేశీ విరాళముల చట్టమును ఉల్లంఘించినవని తీర్పు చెప్పినది. సకల విషయములందును కలహించుకొను ఆ పక్షములకు ఈ విషయమున మాత్రము స్వార్థమొక్కటియే యయ్యెను. 2016 ఆర్థికచట్టము విదేశీమూలమను దాని నిర్వచనమును 2010 నుండి వర్తించునట్లు మార్చగా, 2018 నాటి ఆర్థికచట్టము ఆ సవరణను 1976 ఆగస్టు వఱకును వెనుకకు జరిపినది. లోక్‌సభలో ఆ బిల్లు చర్చ లేకయే ఆమోదము పొందినది. అదే చట్టపు 2020 నాటి సవరణ, స్వచ్ఛంద సంస్థల పరిపాలనావ్యయమును యాబది శాతమునుండి ఇరువది శాతమునకు కుదించి, ఒక సంస్థ పొందిన విదేశీధనమును వేఱొకదానికి బదిలీ చేయరాదని శాసించినది. నలువది రెండేండ్ల గతమునకు క్షమ పార్టీలకు. ముందునాటికి కట్టుదిట్టములు సేవాసంస్థలకు! దాతయెవరో తెలియనీయని ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఓటరునకు తెలిసికొను హక్కు కలదని ఏకగ్రీవముగ కొట్టివేసియుండనిచో, ఆ తెర యింకను తొలగియుండెడిది కాదు.

విదేశీ ఒప్పందముల విషయమున మన లోపము మఱింత మౌలికమైనది. అమెరికాలో సంధులకు సెనేటునందు మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. బ్రిటన్‌లో 2010 నాటి చట్టము ననుసరించి ధ్రువీకరణకు ముందు పార్లమెంటు ఎదుట 21 సమావేశదినములు ఉంచవలెను. మనకట్టి నియమము లేదు. వ్యవసాయము రాష్ట్రముల విషయమైనను, వ్యవసాయమును శాసించు ప్రపంచ వాణిజ్య ఒప్పందముపై 1994లో కేంద్రమే సంతకము చేసినది. పార్లమెంటు ఆమోదము దానికి అవసరము కాలేదు. అమెరికాతో అణు ఒప్పందముపై కలహము రేగినపుడును, 2008 జూలై 22న 275–256 ఓట్లతో లోక్‌సభ తీర్చినది మంత్రివర్గము ఉండవలెనా యను ప్రశ్నను మాత్రమే. ఆ ఒప్పందము మంచిచెడ్డలు ఓటునకు రానేలేదు.

దౌత్యమునకు గోప్యము కావలెననియు, సభలో పెట్టినచో బేరము చెడుననియు ఆక్షేపించువారు కలరు. బేరము సాగునంతసేపు గోప్యము న్యాయమే. కాని బ్రిటన్‌లో 1976లో పౌండు పతనమై 390 కోట్ల డాలర్లకు ద్రవ్యనిధిని యాచింపవలసి వచ్చినపుడు, ప్రధాని కాలహన్ మంత్రివర్గము వారములకొలది తర్జనభర్జనలు చేసి, డిసెంబరులో ఆర్థికమంత్రి డెనిస్ హీలీ నోటనే షరతులను కామన్స్ సభకు విన్నవించెను. దాన బేరము చెడలేదు. కోతలకు బాధ్యులెవరో బ్రిటిషు ప్రజలకు తెలిసినది.

ఒప్పందములు చేసికొను అధికారమును శాసనముతో క్రమబద్ధము చేయుటకు మన రాజ్యాంగపు కేంద్రజాబితాలోని 14వ అంశము పార్లమెంటునకు అవకాశమిచ్చుచునే యున్నది. ఆ అవకాశమును ఇంతవఱకు ఏ ప్రభుత్వమును వినియోగింపలేదు, ప్రతిపక్షమున నుండి కోరినవారును అధికారమునకు వచ్చినపిదప మఱచిరి. ముఖ్యమైన ఋణ, వాణిజ్య, రక్షణ ఒప్పందములు సంతకమైన పిమ్మట, ధ్రువీకరణకు ముందు ఉభయసభల ఓటునకు రావలెను; రాష్ట్రముల విషయములను స్పృశించునవి రాష్ట్రముల అభిప్రాయమునకు పోవలెను; విదేశీధనమును గూర్చిన నియమము రాజకీయ పార్టీలకు మొదటను, తక్కినవారికి తరువాతను వర్తింపవలెను. పరదేశము మనపై ఒత్తిడి తెచ్చుట దాని స్వప్రయోజనము. దానికి మన ఓటరుపై పూచీ లేదు. ఆ పూచీ వహింతుమని ప్రమాణము చేసి గద్దెనెక్కినవారు, ఏమి యడిగిరి, ఏమి యిచ్చితిమి, ఏల యిచ్చితిమి అను మూడు ప్రశ్నలకు సభలో నిలిచి ఉత్తరము చెప్పవలసినదే.