పానా కూడా రైతు పనిముట్టే

కొడవలికి జీఎస్టీ లేదు. పారకు లేదు, గొడ్డలికి లేదు. బోరు మోటారు విప్పాలన్నా, రోటావేటర్ కత్తులు బిగించాలన్నా చేతికి తీసుకునే పానాకు మాత్రం 18 శాతం పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద పన్నును 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే, రైతు సంఘాలు ఏండ్ల తరబడి అడిగిందే. కానీ ఆ విడిభాగాన్ని విప్పి బిగించే పానా 18 శాతంలోనే ఉండిపోయింది. పన్నులు రాసేవాళ్ల కండ్లకు రైతు ఇంకా కొడవలి పట్టుకున్న మనిషిగానే కనిపిస్తున్నాడు. ఎడ్లు పోయి, అరక పోయి, యంత్రం వచ్చి ఎన్నేండ్లయిందో వాళ్లకు పట్టలేదు.

మద్దతు ధర, రుణం, కరెంటు వంటి పెద్ద సమస్యలుండగా పానాల గోల ఏమిటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వాళ్లకు మా జవాబు ఇదీ. మద్దతు ధర దక్కాలంటే ముందు పంట చేతికి రావాలి. నాట్ల సమయంలో రోటావేటర్ ఆగితే, ఎండాకాలంలో టమాటకు, ఆకుకూరలకు నీళ్లు పెట్టే మోటారు ఆగితే పంట మన కోసం ఆగదు. రెండు రోజుల ఆలస్యానికి కారణం చాలాసార్లు పెద్ద చెడుపు కాదు. ఒక్క బోల్టు. ఆ బోల్టు తల అరిగిపోయి ఉంటుంది. అది అరగడానికి కారణం నాసిరకం పానా.

మేడ్చల్, శామీర్‌పేట రైతుకు ఈ బాధ మరీ ఎక్కువ. ఇక్కడ కాలువలు లేవు. చెరువు కింద కొంత వరి, మిగతాదంతా బోర్ల కింద కూరగాయలు, పూలు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలుండేవి. ఇప్పుడు ఆ భూముల్లో వెంచర్ల రాళ్లు పాతారు. ఊళ్లో కొలిమి ఆరిపోయింది. రిపేరు నేర్చిన పిల్లలు ఔటర్ రింగు రోడ్డు పక్కన జేసీబీలు, లారీల పనికి పోతున్నారు. అక్కడ దొరికే కూలి మనం ఇవ్వలేం, వాళ్లను తప్పు పట్టలేం. ఫలితంగా వానాకాలంలో ట్రాక్టర్ మెకానిక్ దొరకడం కష్టమైంది. "మీకేం, ఎకరం కోట్లు పలుకుతోంది కదా" అని పట్నం వాళ్లంటారు. భూమి ధర మోటారు తిప్పదు. పైగా ఇక్కడ సాగు చేస్తున్నవాళ్లలో కౌలుదారులు ఎందరో ఉన్నారు. ఎకరం ఎంత పలికినా వాళ్లకు పైసా రాదు. మెకానిక్ ఖర్చు మాత్రం వాళ్లే పెట్టుకోవాలి.

కాబట్టి చిన్న చిన్న రిపేర్లు రైతే చేసుకోవాలి. అందుకు మంచి పనిముట్టు కావాలి. మరి మార్కెట్లో మనకు అంటగడుతున్నదేమిటి?

పెట్టె నిండా ముక్కలు, పనికొచ్చేది సున్నా

సంతల్లో, రోడ్డు పక్కన, ఫోన్లో ఆర్డరు పెట్టే అంగళ్లలో నాలుగైదు వందలకు 40, 46 ముక్కల సాకెట్ పెట్టె అమ్ముతున్నారు. మెరుస్తుంటుంది. మూతమీద "క్రోమ్ వెనేడియం" అని రాసి ఉంటుంది. తెరిచి చూస్తే అందులో ఉన్నది పావు అంగుళం డ్రైవ్, అంటే రాచెట్ కొనకు ఉండే చదరపు మొన పావు అంగుళమే. సాకెట్లు 4 నుంచి 14 మిల్లీమీటర్ల వరకు. మిగతావన్నీ స్క్రూడ్రైవర్ మొనలు. సైకిలుకో, కుట్టుమిషన్‌కో, ఇంట్లో ఫ్యానుకో అది సరిపోవచ్చు. ట్రాక్టర్, కల్టివేటర్, రోటావేటర్ దగ్గర రైతుకు కావలసింది 17, 19, 22, 24 మిల్లీమీటర్ల సాకెట్లు. అవి అందులో ఒక్కటీ ఉండవు. 46 ముక్కలని గొప్పగా చెప్పి, రైతుకు అక్కర ఉన్న నాలుగు ముక్కలు లేని పెట్టెను అంటగట్టడం వ్యాపారం కాదు, మోసం.

నాసిరకం ఉక్కు ఒక్క పానానే కాదు, యంత్రాన్ని కూడా పాడు చేస్తుంది. సాకెట్ నోరు కొంచెం విచ్చుకుంటే చాలు, బోల్టు మూలలు గుండ్రమవుతాయి. ఆ తర్వాత ఛీనీ, సుత్తె, చివరికి వెల్డింగు. రాచెట్ లోపలి పండ్లు జారితే బలంగా లాగుతున్న చెయ్యి పోయి ఇనుముకు కొట్టుకుంటుంది. రైతుకు చెయ్యి దెబ్బ తింటే ఆ వారం కూలి, పని రెండూ పోయినట్టే.

కొనేముందు చూడవలసినవి

ఇంటికి, పొలానికి, చిన్న షాపుకు పనికొచ్చే సెట్టును ఎట్లా ఎంచుకోవాలో సంఘం సభ్యులందరూ తెలుసుకోవాలి.

మొదటిది డ్రైవ్. వ్యవసాయ యంత్రాలకు అర అంగుళం డ్రైవ్ తీసుకోవాలి. పావు అంగుళం చిన్న పనులకు, మూడు పావుల అంగుళం పెద్ద చక్రాల బోల్టులకు. ఒక్కటే కొనగలిగితే అర అంగుళమే కొనాలి.

రెండోది సాకెట్ లోపలి ఆకారం. ఆరు మూలల సాకెట్ బోల్టు తలను పక్కల మీద పట్టుకుంటుంది. పన్నెండు మూలలది ఎక్కించడానికి తేలికే గాని, తుప్పు పట్టిన బోల్టు మీద మూలలను అరగదీస్తుంది. మట్టిలో, నీళ్లలో నానే మన బోల్టులకు ఆరు మూలలదే మేలు.

మూడోది రాచెట్ పండ్లు. 24 పండ్ల రాచెట్‌ను ఒక్కో పన్నుకు 15 డిగ్రీలు, 72 పండ్ల దాన్ని 5 డిగ్రీలు తిప్పాలి. ఇంజను మూలల్లో, చెయ్యి ఆడని చోట 72 పండ్లది సుఖం. బయట మట్టిలో కల్టివేటర్, నాగళ్ల పనికి పండ్లు తక్కువైనా లావుగా ఉన్నది ఓర్చుకుంటుంది. ఏదైనా సరే, వెనక మూత స్క్రూలతో విప్పగలిగేది కావాలి. లోపలి పన్ను, స్ప్రింగు అరిగితే మార్చుకునే కిట్టు దొరుకుతుందా అని దుకాణదారును అడగాలి. విప్పలేని రాచెట్ చెడితే పారేయడమే.

నాలుగోది కొలత. చాలా యంత్రాలకు మిల్లీమీటర్ల బోల్టులే. కానీ పాత మాస్సీ, ఫోర్డ్ నమూనా ట్రాక్టర్లలో అంగుళాల బోల్టులున్నాయి. మూడు పావుల అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, అక్కడ 19 పానాతో నెట్టుకు రావచ్చు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 వేస్తే వదులై తల అరుగుతుంది. బండి ఏదో చూసి సెట్టు కొనాలి.

ఐదోది చేత్తో చూసే పరీక్ష. కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లాలి. సాకెట్ ఎక్కించి అటూ ఇటూ కదిపితే గలగలలాడకూడదు. సైజు, తయారీదారు పేరు ఉక్కులోకి చెక్కి ఉండాలి, రంగుతో అచ్చు వేసినవి నమ్మరాదు. మెరుగు పొర లేచి ఉంటే వదిలేయాలి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ ధర, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో రాసి ఉండాలని చట్టమే చెబుతోంది. అవి లేని పెట్టెను ముట్టుకోవద్దు.

ఇక వాడకం. బిగుసుకున్న బోల్టును మొదట కదిలించేది రాచెట్ కాదు. ఆ పని ఎల్ హ్యాండిల్‌ది, టీ హ్యాండిల్‌ది. అది కదిలిన తర్వాతే రాచెట్ పెట్టాలి. రాచెట్‌కు పైపు తొడిగి లాగడం మన దగ్గర అలవాటు. లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల పిడి మీద 40 కిలోల బలం పెడితే 12 కిలో మీటర్ల మెలి. పైపు తొడిగి 90 సెంటీమీటర్లు చేస్తే అదే బలం 36 అవుతుంది. మూడింతల భారం లోపల ఉన్న చిన్న పన్ను మీద పడుతుంది. అలాగే మెరుగు పూసిన మామూలు సాకెట్లను గాలి గన్నుకు పెట్టకూడదు, పగిలి ముక్కలు ఎగురుతాయి. దానికి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉన్నాయి.

చేతగాక కాదు, పట్టించుకోక

మంచి పానా చేయడం మన దేశానికి రాదా? జలంధర్, లూధియానాల్లో తయారైన చేతి పనిముట్లు యూరప్‌కు, అమెరికాకు ఎగుమతి అవుతున్నాయి. అంత దూరం ఎందుకు, మన పక్కనే చూడండి. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి ఉంది. ఐక్యరాజ్యసమితి సాయంతో పెట్టిన ఆ సంస్థ పనే పనిముట్ల రూపకల్పన, అందులో యువతకు శిక్షణ. మేడ్చల్ నుంచి గంట ప్రయాణం లేదు. ఇంత విద్య పక్కనే ఉండగా మన రైతు సంతలో తగరంలాంటి పానా కొనుక్కుంటున్నాడు. దీపం కింద చీకటి అంటే ఇదే.

యంత్రాల కంపెనీల సంగతీ చెప్పాలి. లక్షలు పోసి ట్రాక్టర్ కొన్న రైతుకు ఏ బోల్టు ఏ సైజు, ఎంత బిగించాలి అనే వివరం తెలుగులో పూర్తిగా చేతికి రావడం లేదు. చిన్న రిపేరుకూ సర్వీసు కేంద్రానికే రావాలన్నట్టు నడిపిస్తున్నారు. అమెరికా రైతులు ఈ విషయంలో పోరాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన కేంద్రం కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ కమిటీ చూడవలసిన రంగాల్లో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. కమిటీలు, పోర్టళ్లు వచ్చాయి గాని రైతు చేతికి చట్టం రాలేదు.

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. పానాలు, సాకెట్లు, రాచెట్ల మీద 18 శాతం జీఎస్టీ తీసివేయాలి. కనీసం ట్రాక్టర్ విడిభాగాల లాగా 5 శాతం చేయాలి. వ్యవసాయ యంత్రాలకు మరమ్మతు హక్కు చట్టం తేవాలి, విప్పే బిగించే వివరాల పుస్తకం తెలుగులో ప్రతి యంత్రంతో ఇవ్వాలి. యంత్రాల రాయితీ పథకాల్లో పానాల పెట్టెను కూడా చేర్చాలి. 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున కట్టిన రైతు వేదికల్లో మీటింగులు, ఫొటోలతో సరిపెట్టకుండా ఒక మంచి పనిముట్ల పెట్టె, ఏడాదికి రెండుసార్లు మరమ్మతు శిక్షణ పెట్టాలి. మార్కెట్లో అమ్ముతున్న పానాలను బాలానగర్ సంస్థలో పరీక్ష చేయించి ఫలితాలు రైతులకు ప్రకటించాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చుందామా? అక్కర లేదు. పది మంది రైతులు తలా ఐదు వందలు వేసుకుంటే ఐదు వేలు. ఆ సొమ్ముకు రాణిగంజ్‌లో మంచి అర అంగుళం సెట్టు వస్తుంది. ఒక్కొక్కరం ఐదు వందల తగరపు పెట్టె కొని ఏడాదికొకటి పారేసేకంటే, పది మందికి ఒక గట్టి పెట్టె మేలు. పేరు రాసే నోటుబుక్కు ఒకటి పెట్టండి. కౌలు రైతుకూ, ఆడవాళ్లు నడిపించే సేద్యానికీ అందులో సమాన హక్కు ఉండాలి. తీసుకున్నవాళ్లు మట్టి తుడిచి, రాచెట్‌లో రెండు చుక్కల నూనె వేసి తిరిగి ఇవ్వాలి.

కొన్నప్పుడు తప్పక బిల్లు తీసుకోండి. వారంటీ ఉందంటే బిల్లు మీద రాయించండి. దుకాణం మోసం చేస్తే 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదు. బిల్లు లేకపోతే మాత్రం కేసు నిలబెట్టడం కష్టం.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టాలి. జీఎస్టీ తగ్గించాలని తీర్మానం రాసి తహసీల్దారుకు, ఎంపీకి, జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రం తరఫున కూర్చునే మంత్రికి పంపాలి. ప్రతి ఊరి తీర్మానంలో ఈ ఒక్క వాక్యం ఉండేటట్టు చూడండి: పానా కూడా రైతు పనిముట్టే, దానికి కొడవలికి ఉన్న న్యాయమే కావాలి.