కడుపు జబ్బు కనపడదని పెన్షన్ వదులుకోవద్దు

అన్నలారా, తమ్ములారా, మిలిటరీ నౌకరి చేసి వచ్చి మనతో పాటే ఎవుసం చేసుకుంటున్నోళ్ల గురించి ఒక మాట. కాలు పోయిన జవానుకు డిసెబిలిటీ పెన్షన్ ఇయ్యాలంటే అందరం ఒప్పుకుంటం. అదే అల్సర్‌తోని ఇంటికొచ్చినోడు అడిగితే "కడుపునొప్పికి గూడ పెన్షనా" అని నవ్వుతం. "క్యాంటీన్ రమ్ము తాగి పాడు చేసుకున్నడు" అనేటోళ్లు గూడ ఉంటరు. ఇది తప్పు. పసుపుల దుంపకుళ్లు మొదలైనప్పుడు ఆకు పచ్చగనే ఉంటది, తవ్వితేనే తెలుస్తది. మనకు తెల్వంది కాదు గదా.

రూలు చూడండి. 1982 నాటి పెన్షన్ అర్హత నిబంధనల్లో జబ్బుల పట్టిక ఒకటుంది. తిండి విషయంల జవానుకు వేరే దారి లేక వచ్చే జబ్బులను అందులో విడిగా రాసిన్రు: గ్యాస్ట్రైటిస్, కడుపుల అల్సర్, చిన్నపేగు మొదట్ల వచ్చే అల్సర్, కామెర్లు, డబ్బా తిండితోని ఫుడ్ పాయిజనింగ్. పెట్టిందే తినాలె, పెట్టినప్పుడే తినాలె. ఆ కొలువుల కడుపు చెడొచ్చని సర్కారే ఒప్పుకున్నట్టు.

అయినా మెడికల్ బోర్డు "సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసుల ముదిరింది కాదు" అని ఒక్క ముక్క రాస్తే క్లెయిమ్ ఆగిపోతది. 2013ల ధరంవీర్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు తీర్పు ఇక్కడ పనికొస్తది. ఆయనది మూర్ఛ జబ్బే గాని, సూత్రం ఒక్కటే: భర్తీ నాడు కాయితంల జబ్బు రాసి లేకుంటే మంచిగనే చేరిండని లెక్క. సర్వీసు వల్ల కాదని రుజువు చేసే భారం సర్కారుదే.

పైసల లెక్క గూడ చిన్నది కాదు. 2014 రామ్ అవతార్ తీర్పు ప్రకారం 20 శాతం వైకల్యాన్ని 50 శాతంగా లెక్కగట్టాలె. నూరు శాతానికి ఆఖరి జీతంల 30 శాతం అయితే, యాభైకి 15 శాతం. అది సర్వీసు పెన్షన్ మీద అదనం.

తాగుడు వల్లనే అయిందని తేలితే రాదు, అది న్యాయమే. దొంగ క్లెయిములకు నేను మద్దతియ్య. కాని ఆ సంగతి బోర్డు కారణాలతో రాయాలె. రచ్చబండ మీద మనం తేల్చేది కాదు.

2008ల, మళ్ల 2023 సెప్టెంబరుల నిబంధనలు మారినయి. ఎప్పుడు దిగిపోయిండో చూసుకొని అడగాలె. బోర్డు కాయితాలు, ఆస్పత్రి చీటీలు బయటకు తీయుండ్రి. లేకుంటే రికార్డ్స్ ఆఫీసును ఆర్టీఐ కింద అడుగుండ్రి. నిజామాబాద్ సైనిక సంక్షేమ కార్యాలయంల తెలుసుకొని అప్పీలు పెట్టుండ్రి, కొట్టేస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆలస్యం చేస్తే నష్టమే: 2008 తర్సేం సింగ్ తీర్పు చూపించి చాలా కేసుల్ల మూడేండ్ల బకాయే ఇచ్చిన్రు.

పంట నష్టం కోసం ఆఫీసుల సుట్టు తిరుగుడు ఎట్లుంటదో మనకు ఎరుకే. మీ ఊర్ల ఇట్ల ఆగిపోయినాయన ఉంటే, ఒక్కరోజు ఆయన వెంట నిజామాబాద్ పోయి రాండ్రి.