మబ్బు పట్టిన రాత్రి కూడా పాఠమే

ఏడాదికోసారి బడిలో ఆకాశ దర్శనం. వారం ముందే పిల్లల డైరీల్లో రాసి పంపుతారు. చెప్పిన రోజు సాయంత్రం తల్లిదండ్రులు మైదానానికి చేరుకుంటారు. సైన్సు మాస్టారు టెలిస్కోప్ దుమ్ము దులిపి స్టాండు మీద నిలబెడతారు. సరిగ్గా అప్పుడే మబ్బు కమ్ముకొస్తుంది. ఎనిమిది దాకా ఎదురుచూసి, బిస్కెట్లు పంచి, అందరినీ ఇళ్లకు పంపేస్తారు. టెలిస్కోప్ బీరువాలోకి పోతుంది. మళ్లీ అది వెలుగు చూసేది వచ్చే ఏడాదే. టెలిస్కోప్ ఉన్న బడుల వారికి ఇది తెలిసిన కథే.

ఇందులో మబ్బు తప్పేమీ లేదు. ఆశంతా ఒక్క రాత్రి మీద పెట్టుకోవడమే తప్పు. షోలాపూర్, బళ్లారి వైపు జూన్ నుంచి నైరుతి వానలు. హోసూరు, చెన్నై వైపు అక్టోబరు నుంచి ఈశాన్య వానలు. యానాం, బరంపురం వంటి చోట్ల వానలకు తోడు సముద్రపు తేమ, తుపాన్లు. ఎవరి ఆకాశమూ మనం వేసుకున్న తేదీని బట్టి తెరుచుకోదు. తమిళనాడులోని జవ్వాది కొండల్లో, కావలూరులో వేణు బప్పు వేధశాల ఉంది. అక్కడ 2.3 మీటర్ల అద్దమున్న టెలిస్కోప్ 1986లో ప్రారంభమైంది. మబ్బు పడితే అంతటి పరికరమూ కళ్లు మూసుకోవలసిందే.

యానాం పాఠకులకు ఒక పాత సంగతి గుర్తుచేస్తున్నాం. అది పుదుచ్చేరిలో జరిగింది. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని కొలవాలని గియోమ్ లె జాంటిల్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1760లో బయలుదేరాడు. దారిలో ఉండగానే పుదుచ్చేరి ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది. 1761 జూన్ 6న ఆయన ఊగే ఓడ మీద ఉండిపోయాడు, కొలతలు కుదరలేదు. తర్వాతి అవకాశం కోసం ఎనిమిదేళ్లు ఈ ప్రాంతాల్లోనే గడిపాడు. 1768లో పుదుచ్చేరి చేరి వేధశాల కట్టుకున్నాడు. 1769 జూన్ 4. అంతకు ముందు ఎన్నో ఉదయాలు తేటగా ఉన్నాయి. ఆ ఒక్క ఉదయమే మబ్బు పట్టింది. శుక్రుడు దాటిపోయాక ఎండ కాసింది. ఆ తర్వాతి అవకాశం 1874లో గానీ లేదు.

అయితే ఆయన నిరీక్షణ అంతా వృథా కాలేదు. ఇక్కడి గణకులు గ్రహణాలను ఎలా లెక్కకడతారో ఆ కాలంలోనే తెలుసుకుని తన పుస్తకంలో రాశాడు. చూడాలనుకున్నది కనిపించని చోట చూడగలిగింది చూశాడు. మన పిల్లలకు అలవడవలసిన గుణం ఇదే.

మరో ఉదాహరణ గెలీలియో. 1610 జనవరి 7న గురుడి పక్కన మూడు చిన్న చుక్కలు చూశాడు. 8న అవి చోటు మారాయి. 9న ఆకాశమంతా మబ్బు. ఆ సంగతి కూడా రాసిపెట్టుకున్నాడు. 10న మళ్లీ చూశాడు. అలా రోజుల తరబడి రాసుకుంటేనే అవి గురుడి చుట్టూ తిరిగే చందమామలని తేలింది. గొప్ప పుస్తకంలోనే మబ్బు రోజుకు చోటు దొరికినప్పుడు మన పిల్లల నోటుబుక్కులో ఎందుకు దొరకకూడదు? ‘ఈ రోజు కనిపించలేదు’ అని నిజాయతీగా రాయడం సైన్సులో మొదటి పాఠం. మార్కుల కోసం ప్రయోగశాల రికార్డులో రాని ఫలితాన్ని వచ్చినట్టు రాసే అలవాటుకు ఇంతకన్నా మందు లేదు.

అందుకే ఏడాదికి ఒక్క రాత్రికి బదులు నెలకు ఆరు సాయంత్రాలు పెట్టుకోవాలని మా సూచన. ప్రతి తెలుగింటి గోడ మీదా తిథుల క్యాలెండర్ ఉంటుంది. శుక్లపక్ష పంచమి నుంచి దశమి దాకా చీకటి పడేసరికే చంద్రుడు పైన ఉంటాడు. వెలుగు, చీకటి కలిసే గీత వెంట గుంటలు, కొండల నీడలు పొడుగ్గా పడి స్పష్టంగా తెలుస్తాయి. పున్నమి నాడు నీడలుండవు, అంతా చప్పగా ఉంటుంది. ఆరింటిలో రెండు సాయంత్రాలు తెరిపి ఇచ్చినా చాలు. చూసేది ఇరవై నిమిషాలే. పట్టణం దీపాల కాంతి చంద్రుడికీ గ్రహాలకూ పెద్ద అడ్డు కాదు కాబట్టి ఊరు దాటి పోనక్కర్లేదు.

పరికరం గురించి రెండు మాటలు. అట్టపెట్టె మీద ‘500 రెట్లు’ అని ఉంటే నమ్మవద్దు. కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంటే 70 మి.మీ. టెలిస్కోప్‌కు సుమారు 140 రెట్లు, గరిష్ఠ హద్దు. మన గాలిలో అందులో సగం కుదిరితే గొప్ప. 30 రెట్లకే చంద్రుడి గుంటలు, గురుడి నాలుగు చందమామలు, శని వలయం కనిపిస్తాయి. వలయాలు మనకు అంచు తిప్పిన కాలంలో మాత్రం శనిది కష్టం. పుస్తకంలోని రంగుల బొమ్మలా ఏదీ ఉండదని పిల్లలకు ముందే చెప్పాలి. టెలిస్కోప్‌ను అరగంట ముందే ఆరుబయట ఉంచాలి. ఎండకు కాగిన డాబా కన్నా మట్టి నేల మేలు. వాన కడిగిన రాత్రి చుక్కలు మిలమిల మెరుస్తుంటే గాలి కదులుతున్నట్టు, అప్పుడు తక్కువ రెట్లే వాడాలి. కాస్త మసకగా ఉన్న రాత్రి గ్రహాలు నిలకడగా కనిపించడమూ ఉంది. టెలిస్కోప్‌తో సూర్యుడి వైపు ఎన్నడూ చూడకూడదు. ఐపీస్‌కు బిగించే సూర్య ఫిల్టర్ పెట్టెలో వస్తే పారేయాలి. అది వేడికి పగిలితే క్షణంలో కన్ను పోతుంది.

టెలిస్కోప్ లేని బడి చిన్నబోనక్కర్లేదు. ఒడిశాలోని ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖర్ వెదురుతో, కర్రతో చేసుకున్న పరికరాలతో, వట్టి కంటితో గ్రహాలను కొలిచి ‘సిద్ధాంత దర్పణం’ రాశారు. మన పిల్లలకు ప్రొట్రాక్టర్, దారం, చిన్న రాయి చాలు, చంద్రుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలవగలరు.

ఇక మన బడులకు ప్రత్యేకమైన సంగతి. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే గానీ సైన్సుకు పనికిరాదన్న భావన పిల్లల్లో చిన్ననాడే నాటుకుంటోంది. దాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేం. వేగుచుక్క, పాలపుంత, పిల్లలకోడి, గొల్లకావడి వంటి మాటలు ఇళ్లలోని అవ్వలకు, తాతలకు ఇంకా గుర్తున్నాయి. అవి ఏ చుక్కలో అడిగి తెలుసుకుని, ఆకాశంలో గుర్తుపట్టి, నోటుబుక్కులో రాసే పని పిల్లలకు అప్పగించండి. పక్కనే ఆ రాష్ట్ర భాషలోని మాటా రాయించండి. మన వేగుచుక్క తమిళంలో విడివెళ్లి, మరాఠీలో శుక్రాచీ చాందణీ. రెండు భాషల్లో ఆకాశం తెలిసిన పిల్లకు అది లోటు కాదు, అదనపు ఆస్తి.

ఇబ్బందులు లేవని మేము అనడం లేదు. ఉన్న ఒక్క సైన్సు టీచరు మీదే అన్ని భారాలూ పడుతున్నాయి. ఆడపిల్లలను చీకట్లో పంపడానికి తల్లిదండ్రులు జంకడం సహజం. అందుకే ఏడున్నరకు ముగించాలి, ప్రతిసారీ ఇద్దరు తల్లులో తండ్రులో వంతులవారీగా తోడుండాలి. వాడకం వచ్చిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు రిజిస్టరులో రాయించుకుని, సూర్యుడి గురించిన హెచ్చరిక తల్లిదండ్రులకూ చెప్పి, వారం చొప్పున టెలిస్కోప్‌ను ఇంటికే ఇవ్వవచ్చు. పాడవుతుందన్న భయం వద్దు. తేమ ఊళ్లలో బీరువాలో ఏళ్ల తరబడి మూసి ఉంచితేనే కటకానికి బూజు పడుతుంది. వాడిన దానికన్నా వాడనిదే త్వరగా పాడవుతుంది. భాషకూ ఈ మాట వర్తిస్తుంది.

వచ్చే శుక్లపక్ష పంచమి ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకోండి. ఆ సాయంత్రం బీరువా తాళం తీయండి. మబ్బు పడితే ఆ మాటే రాసి, మర్నాడు మళ్లీ తీయండి.